శబ్ద నిరోధక పనుల్లో భద్రత: ఒక సైటు సూపర్‌వైజరు ప్రశ్నకు సమాధానం

ప్రశ్న: నేను ఒక ఇంటీరియర్ కాంట్రాక్టు సంస్థలో సైటు సూపర్‌వైజరుగా పనిచేస్తున్నాను. చాలా ఏళ్ల క్రితం కట్టిన ఒక భవనంలో పై అంతస్తును సమావేశ మందిరంగా, రెండు రికార్డింగు గదులుగా మార్చే పని మాకు అప్పగించారు. పాత సీలింగు విప్పి, గోడల లోపల, కొత్త ఫాల్స్ సీలింగు పైన గ్లాస్ వూల్ (గాజు పోగులతో దూదిలా తయారుచేసిన పదార్థం) పరచాలి. కింద ఉన్న జనరేటరు గదికి కూడా శబ్దం బయటకు రాకుండా లైనింగు చేయాలి. పని మొదలైనప్పటినుంచి పనివాళ్లు ఒళ్లంతా దురదగా ఉందని, గొంతు గరగరలాడుతోందని అంటున్నారు. గ్లాస్ వూల్ వల్ల క్యాన్సర్ వస్తుందని వారిలో ఒకరు ఎక్కడో విన్నారట. ఆ మాట పాకి ఇద్దరు రావడం మానేశారు. ఉన్నవాళ్లు మాస్కు ఇస్తే మెడకు వేలాడదీసుకుంటున్నారు. ఇంత గొడవ ఎందుకు, గ్లాస్ వూల్ మానేసి గోడలకు ఫోమ్ షీట్లు అతికించేయండి, పని కూడా త్వరగా అయిపోతుంది అని యజమాని అంటున్నారు. ఏది మంచిది? పనివాళ్లకు నేను ఏం చెప్పాలి?

సమాధానం: పనికి రావడం మానేసిన ఆ ఇద్దరి భయానికే ముందుగా సమాధానం చెప్పాలి. వారు విన్నది ఎవరో పుట్టించిన మాట కాదు, పాతబడిన మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లో గ్లాస్ వూల్‌ను, రాక్ వూల్‌ను, స్లాగ్ వూల్‌ను మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న పదార్థాల వర్గంలో చేర్చింది (రాక్ వూల్ రాతి నుంచి, స్లాగ్ వూల్ లోహపు చిట్టెం నుంచి తీసిన పోగులు). తరువాతి ఏళ్లలో, వాటి తయారీ కర్మాగారాల్లో దీర్ఘకాలం పనిచేసిన కార్మికుల ఆరోగ్య వివరాలను, జంతువులపై జరిగిన కొత్త పరీక్షల ఫలితాలను పరిశీలించి, 2001లో ఈ మూడింటినీ ఆ వర్గం నుంచి తీసివేసి, క్యాన్సర్ కారకాలుగా వర్గీకరించడానికి వీలు లేని పదార్థాల కోవలోకి మార్చింది. ఈ పోగులు ఊపిరితిత్తుల్లోని ద్రవంలో కొంతకాలానికి కరిగిపోతాయి. విరిగినప్పుడు అడ్డంగా విరిగి పొట్టివవుతాయి. ఆస్బెస్టాస్ (రాతినార) పోగు అలా కాక నిలువునా చీలి, మరింత సన్నబడి, దశాబ్దాల తరబడి లోపలే ఉండిపోతుంది. కొలిముల వంటి అధిక వేడి ఉండే చోట్ల వాడే సిరామిక్ ఫైబరు, ప్రత్యేక అవసరాలకు తయారుచేసే కొన్ని రకాల గాజు పోగులు మాత్రం పాత వర్గంలోనే ఉన్నాయి. కనుక మీ సైటుకు వచ్చిన కట్టల మీద ఏమి రాసి ఉందో చూడండి. తయారీదారు ఇచ్చే భద్రతా వివరాల పత్రాన్ని సరఫరాదారు దగ్గర తప్పనిసరిగా అడిగి తీసుకోండి. ఆ పత్రంలోని ముఖ్యమైన విషయాలను పనివాళ్లకు వారి భాషలో చదివి వినిపిస్తే, మీరు నోటితో ఇచ్చే హామీ కంటే అది ఎక్కువ నమ్మకం కలిగిస్తుంది.

క్యాన్సర్ సంగతి అలా ఉంచితే, దురద మాత్రం నిజమే. దానికి విషం ఏదీ కారణం కాదు. కాస్త లావుగా ఉండే గాజు పోగుల ముక్కలు చర్మపు పై పొరలో గుచ్చుకోవడం వల్ల, చెమటతో తడిసిన చోట, బట్ట రాసుకునే చోట మరింతగా అది పుడుతుంది. గొంతు గరగరకు, కళ్ల మంటకు కూడా ఇదే కారణం. పని ఆపి ఒళ్లు కడుక్కున్న తరువాత చాలామందికి ఇది తగ్గిపోతుంది. కడుక్కునే పద్ధతి ముఖ్యం. ముందు రుద్దకుండా, ధారగా పడే చల్లని లేదా గోరువెచ్చని నీటితో పోగులు కొట్టుకుపోయేలా కడగాలి. ఆ తరువాతే సబ్బు పెట్టాలి. తువ్వాలుతో గట్టిగా రుద్దితే పైన ఉన్న పోగులు లోపలికి దిగుతాయి. కంట్లో పడితే నలపకుండా చాలాసేపు శుభ్రమైన నీటితో కడగాలి. మంట తగ్గకపోతే వైద్యుడికి చూపించాలి. ఉబ్బసం ఉన్నవారిని, ఎగ్జిమా వంటి చర్మవ్యాధి ఉన్నవారిని గ్లాస్ వూల్ కోయడానికి, తలపైన పరచడానికి పెట్టకుండా వేరే పని ఇవ్వడం న్యాయం.

ఇక మాస్కుల విషయం. మాస్కు మెడకు వేలాడుతోందంటే తప్పు పనివాడిదేనని నేను అనుకోను. గాలి ఆడని గదిలో, రేకుల కిందో స్లాబు కిందో తల పైకెత్తి పనిచేస్తూ, ముక్కు నోరు బిగుతుగా కప్పుకోవడం కష్టమే. మాస్కు అనేది ఆఖరి రక్షణ. దుమ్ము లేవకుండా చేయగలిగినవన్నీ చేసిన తరువాత మిగిలిన కొద్దిపాటి దుమ్ముకు మాత్రమే దాన్ని వదిలిపెట్టాలి. మీ సైటులో అది మొదటి రక్షణగా మారినట్టుంది. కట్టలను గది మధ్యలో గుట్టగా పోసి ఒకేసారి విప్పకుండా, ఎక్కడ వాడతారో అక్కడికి తీసుకువెళ్లి, అప్పుడే కవరు కోయండి. లోపల నొక్కిపెట్టి ఉన్న వూల్ ఒక్కసారిగా ఉబ్బుతుంది కాబట్టి కత్తి అంచును ఒంటికి దూరంగా పెట్టి కోయాలి. చేత్తో చింపడం, కరెంటు రంపంతో కోయడం రెండూ పోగులను గాలిలోకి ఎగరగొడతాయి. గట్టి పలక మీద పరిచి, ఒక పట్టీ అదిమిపెట్టి, పొడవైన పదునైన కత్తితో ఒకే కోతలో కోస్తే దుమ్ము చాలా తగ్గుతుంది, కోత కూడా నేరుగా వస్తుంది. తెగిన ముక్కలను కాళ్ల కింద నలగనివ్వకుండా వెంటనే సంచిలో వేసి మూతి కట్టేయాలి. సాయంత్రం పొడి చీపురుతో ఊడ్చడం ఆ రోజంతా కింద పడిన దుమ్మును మళ్లీ గాలిలోకి లేపడమే అవుతుంది. అతి సన్నని దుమ్మును కూడా పట్టే హెపా ఫిల్టరు ఉన్న వాక్యూమ్ యంత్రం వాడాలి, అది లేకపోతే నీళ్లు చిలకరించి తడిగా ఊడ్చాలి. బట్టల మీది దుమ్మును కంప్రెసరు గాలితో దులుపుకునే అలవాటు ఎవరికైనా ఉంటే ఈ రోజే మాన్పించండి.

ఇంత చేసిన తరువాత కూడా, తలపైన పరిచేటప్పుడు, మూసి ఉన్న చోట పనిచేసేటప్పుడు మాస్కు కావలసిందే. గుడ్డ మాస్కు, జేబురుమాలు ఇందుకు పనికిరావు. సన్నని దుమ్మును వడగట్టే ఎన్95 లేదా ఎఫ్ఎఫ్‌పీ2 రకం కావాలి. గడ్డం ఒత్తుగా ఉంటే అంచు ముఖానికి అతుక్కోదు, గాలి పక్కనుంచి లోపలికి పోతుంది. ఊపిరి వదలడానికి వాల్వు ఉన్న రకం కొనండి, చెమటకు తడిసినప్పుడు మార్చుకోవడానికి అదనంగా ఉంచండి, తలపైన పనిని చిన్న చిన్న వంతులుగా విడగొట్టి మనుషులను మార్చండి. అప్పుడు మాస్కు మెడ మీదికి జారడం దానంతట అదే తగ్గుతుంది. పొడవు చేతుల వదులు చొక్కా, మణికట్టు దగ్గర బిగించిన చేతి తొడుగులు, తలకు టోపీ, పక్కలు మూసిన కళ్లద్దాలు ఉండాలి. పని బట్టలు ఇంటికి వేసుకుపోకూడదు. వాటిని ఇంట్లో పిల్లల బట్టలతో కలిపి ఉతికితే దురద వాళ్లకూ అంటుకుంటుంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2001లో ఈ ఇన్సులేషన్ వూల్ రకాల వాడకంపై ప్రచురించిన ఆచరణ నియమావళి కూడా మొదట దుమ్మును నియంత్రించమని, ఆ తరువాతే వ్యక్తిగత రక్షణ సాధనాల మీద ఆధారపడమని చెబుతుంది.

అయితే మీ లేఖలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది దురద కాదు, మీరు ఒక్క ముక్కలో దాటవేసిన విషయం. పాత సీలింగు విప్పి అన్నారు. భవనం చాలా ఏళ్ల క్రితం కట్టింది అన్నారు. ఆ సీలింగు దేనితో చేశారో, దాని పైన ఏముందో ఎవరైనా చూశారా? గత శతాబ్దంలో శబ్దాన్ని పీల్చడానికి, మంటను ఆపడానికి ఎన్నో దేశాల్లో స్లాబుల అడుగున, ఉక్కు దూలాల మీద ఆస్బెస్టాస్ కలిపిన పూతను పిచికారీ చేశారు. సీలింగు పలకల్లో, పైపుల చుట్టూ చుట్టిన పొరల్లో, విభజన గోడల బోర్డుల్లో, సిమెంటు రేకుల్లో దాన్ని వాడారు. పైన చెప్పిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఆస్బెస్టాస్‌లో ఉన్న అన్ని రకాలనూ మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తాయని నిర్ధారణ అయిన మొదటి వర్గంలో ఉంచింది. దాని పోగు కంటికి కనబడదు, దురద పెట్టదు, దగ్గు తెప్పించదు. పీల్చిన మనిషికి జబ్బు బయటపడేది దశాబ్దాల తరువాత. పొగ తాగే అలవాటు ఉన్నవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు మరెన్నో రెట్లు పెరుగుతుంది. గ్లాస్ వూల్ కట్ట చూసి భయపడి వెళ్లిపోయిన ఆ ఇద్దరూ, అంతకు ముందు రోజుల్లో ఆ పాత సీలింగును సుత్తితో కొట్టి దించి ఉంటే, భయపడవలసిన చోట భయపడలేదన్న మాట.

కాబట్టి సీలింగు విప్పే పని ఇంకా మిగిలి ఉంటే దాన్ని వెంటనే ఆపండి. అనుమానం ఉన్న పూతను గాని పలకను గాని మీ మనుషులతో గీకించి చూడకండి. శిక్షణ ఉన్నవారిని పిలిపించి, నమూనా తీయించి, ప్రయోగశాలలో పరీక్ష చేయించండి. ఫలితం వచ్చేదాకా ఆ గదిని మూసి ఉంచండి. మామూలు వాక్యూమ్ యంత్రంతో శుభ్రం చేయవద్దు, ఎందుకంటే దాని ఫిల్టరు గుండా ఆ పోగులు దాటిపోయి గది అంతా పరుచుకుంటాయి. ఆస్బెస్టాస్ ఉందని తేలితే, దాన్ని తొలగించడం మీ ముఠా పని కాదు. ఎన్95 మాస్కు దానికి చాలదు. చెడిపోకుండా గట్టిగా ఉన్న పలకను కదిలించకుండా అలాగే మూసివేసి ఉంచడం కొన్నిసార్లు తొలగించడం కంటే సురక్షితం, కాని ఆ నిర్ణయం నిపుణులు తీసుకోవలసినది. ఇప్పటికే కొంత విప్పేసి ఉంటే, ఆ చెత్త ఎక్కడ ఉందో కనుక్కుని, దాన్ని కదపకుండా తడిపి, కప్పి ఉంచండి. అందులోంచి నమూనా తీయించండి. పనివాళ్ల దగ్గర ఈ విషయం దాచిపెట్టకండి.

కనబడని దుమ్ము మరొకటి ఉంది. కొత్త సీలింగును వేలాడదీయడానికి స్లాబులో యాంకరు రంధ్రాలు వేయాలి. కాంక్రీటును తొలిచినప్పుడు లేచే సన్నని పొడిలో స్ఫటిక సిలికా ఉంటుంది. 1997లోనే దాన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చారు, ఊపిరితిత్తులను గట్టిపరిచే సిలికోసిస్‌కు కారణం కూడా అదే. అమెరికా 2016లో తెచ్చిన నియమం ప్రకారం ఎనిమిది గంటల సగటున ఘనపు మీటరు గాలిలో 50 మైక్రోగ్రాముల కంటే ఎక్కువ సిలికా ఉండకూడదు. కంటికి కనబడే పొడి లేచిందంటే ఆ హద్దు దాటడం ఏమంత కష్టం కాదు. తల పైకెత్తి డ్రిల్లు పట్టుకున్న మనిషి ముఖం మీదికే ఆ పొడి రాలుతుంది కనుక, పొడిని పీల్చుకునే గొట్టం అమర్చిన డ్రిల్లు వాడడం ఇక్కడ విలాసం కాదు. చెవుల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 85 డెసిబెల్ శబ్దాన్ని ఎనిమిది గంటలకు మించి వినకూడదని, ఆపై ప్రతి 3 డెసిబెల్‌కు ఆ సమయం సగానికి తగ్గాలని అమెరికాలోని వృత్తి భద్రతా పరిశోధన సంస్థ నియోష్ చెబుతుంది. ఆ లెక్కన 100 డెసిబెల్ దగ్గర పావుగంట మాత్రమే. మూసిన గదిలో హ్యామర్ డ్రిల్లు ఆ స్థాయికి సులభంగా చేరుతుంది. శబ్దాన్ని ఆపే గదులు కట్టేవాళ్లు చెవుడు తెచ్చుకోవడం చూస్తూ ఊరుకోకండి. చెవి ప్లగ్గులు ఇవ్వండి.

ఎత్తు మీద పని గురించి మీకు తెలిసినదే ఎక్కువ ఉంటుంది, అందుకని క్లుప్తంగా చెబుతాను. నిచ్చెన మీద నిలబడి రెండు చేతులతో వూల్ పరచడం కుదరదు. అది నిచ్చెనతో చేసే పని కాదు, చుట్టూ అడ్డకమ్మీలు ఉన్న పరంజా మీద చేసే పని. చక్రాల పరంజా అయితే చక్రాలకు బ్రేకు వేయాలి, పైన మనిషి ఉండగా దాన్ని తోయకూడదు. ఫాల్స్ సీలింగు పైకి ఎక్కినవారు జిప్సమ్ బోర్డు మీద కాలు పెట్టకూడదు. 12.5 మిల్లీమీటర్ల మందం, 1.2 మీటర్ల వెడల్పు, 2.4 మీటర్ల పొడవు ఉన్న జిప్సమ్ బోర్డు ఒక్కటి సుమారు 25 కిలోలు తూగుతుంది. శబ్దం కోసం వాడే బరువైన వినైల్ షీటు చదరపు మీటరుకు 5 కిలోల రకం అయితే పెద్ద చుట్ట ఒకటి ఒక మనిషి మోయగలిగే బరువును దాటిపోతుంది. ఇద్దరు మోయాలి, సీలింగుకు ఎత్తేటప్పుడు బోర్డు లిఫ్టు వాడాలి.

ఇప్పుడు యజమాని సలహా. ఫోమ్ అతికించమంటున్నారు. రెండు కారణాల వల్ల నేను వద్దంటాను. మొదటిది, అది ఆయన అడిగిన పని చేయదు. గోడ మీద అతికించిన మెత్తని ఫోమ్ గదిలోని ప్రతిధ్వనిని తగ్గిస్తుంది. లోపలి మాట గదిలో స్పష్టంగా వినిపిస్తుంది. పక్క గదిలోకి శబ్దం పోకుండా ఆపడానికి మాత్రం బరువు కావాలి, గాలి దూరని బిగుతు కావాలి, రెండు పొరల మధ్య ఖాళీ కావాలి, ఆ ఖాళీలో గ్లాస్ వూల్ వంటి పీల్చే పదార్థం కావాలి. ఫోమ్‌లో బరువు లేదు. రికార్డింగు గదికి ఫోమ్ అతికించి, పక్క గదిలో మాటలు వినబడుతున్నాయని తరువాత అన్నీ పీకి మళ్లీ చేసిన సైట్లు తక్కువేమీ కాదు.

రెండవ కారణం మంట. పాలీయురేథేన్ ఫోమ్ అంటుకుంటే చాలా వేగంగా కాలుతుంది, దాని పొగలో కార్బన్ మోనాక్సైడ్‌తో పాటు హైడ్రోజన్ సయనైడ్ ఉంటుంది. 2003 ఫిబ్రవరి 20న అమెరికాలోని రోడ్ ఐలాండ్‌లో స్టేషన్ అనే నైట్‌క్లబ్బులో వేదిక మీద కాల్చిన బాణసంచా రవ్వలు గోడకు అతికించిన ఫోమ్‌కు అంటుకుని 100 మంది చనిపోయారు. ప్రభుత్వ పరిశోధన సంస్థ ఆ వేదికను అదే రకం ఫోమ్‌తో తిరిగి కట్టి, తగలబెట్టి చూసినప్పుడు దాదాపు 90 సెకన్లలోనే అక్కడ మనిషి బతకలేని పరిస్థితి ఏర్పడింది. 2013 జనవరి 27న బ్రెజిల్‌లోని శాంటా మరియాలో కిస్ నైట్‌క్లబ్బులో ఇలాగే సీలింగులోని శబ్ద నిరోధక ఫోమ్ అంటుకుని 242 మంది, 2015 అక్టోబరు 30న రుమేనియా రాజధాని బుకారెస్ట్‌లోని కొలెక్టివ్ క్లబ్బులో 60 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. మూడు చోట్లా నిప్పు వచ్చింది వేదిక మీది బాణసంచా నుంచి; మీ సైటులో అది వెల్డింగు రవ్వ కావచ్చు, గ్రైండరు నిప్పురవ్వ కావచ్చు, ఎవరో పారేసిన సిగరెట్టు కావచ్చు. మీరు కడుతున్నది జనం గుమిగూడే మందిరం. ఆ గోడల మీద ఏం ఉందన్నది సైటు భద్రతతో ఆగిపోయే ప్రశ్న కాదు.

యజమాని పట్టుబడితే, అగ్ని నిరోధకం అని కవరు మీద ముద్రించి ఉన్నంత మాత్రాన ఒప్పుకోకండి. అదే మందంలో, అదే జిగురుతో, అదే రకం గోడ మీద అతికించి చేసిన అగ్ని పరీక్ష నివేదిక చూపించమనండి. మెలమైన్ ఫోమ్ మామూలు పాలీయురేథేన్ ఫోమ్ కంటే మంటను బాగా తట్టుకుంటుంది. గ్లాస్ వూల్, రాక్ వూల్ వంటి ఖనిజ వూల్ రకాలు అసలు మండవు, యూరప్ వర్గీకరణలో పై తరగతులైన ఏ1, ఏ2లలో వాటికి చోటు ఉంటుంది. కాని వాటి మీద అతికించిన కాగితపు పొర, ప్లాస్టిక్ పొర మండుతుంది కనుక పైపొర ఏదో చూసి ఎంచుకోవాలి. గది లోపలికి కనబడే చోట గాజు గుడ్డ పొర ఉన్న రకం తీసుకుంటే పోగులు రాలకుండా కూడా ఉంటుంది. పిచికారీ చేసే ఫోమ్ అయితే మరొక ఇబ్బంది: అందులోని ఐసోసైనేట్లు అనే రసాయనాలు ఒకసారి ఉబ్బసం తెప్పిస్తే, ఆ తరువాత అతి తక్కువ మోతాదు తగిలినా ఊపిరి ఆడకుండా చేస్తాయి. శిక్షణ, గాలి సరఫరా ఉన్న ముఖకవచం లేనివారు దాన్ని ముట్టుకోకూడదు.

ఫోమ్ అయినా వూల్ అయినా అతికించే జిగురును తేలిగ్గా తీసుకోకండి. టోలుయీన్ వంటి ద్రావకాలు కలిసిన జిగురు ఆవిరి గాలికంటే బరువుగా ఉండి నేల మీద పరుచుకుని, దూరంగా ఉన్న స్విచ్చి నిప్పురవ్వను కూడా చేరుకోగలదు. కిటికీ లేని రికార్డింగు గదిలో తల తిరగడం, స్పృహ తప్పడం కూడా జరగవచ్చు. ఎన్95 మాస్కు ఆవిరిని ఆపదు. నీటి ఆధారిత జిగురు, లేదా గోడకు పిన్నులు బిగించి వాటి మీద వూల్ గుచ్చి మూతలు పెట్టే పద్ధతి ఎంచుకోండి. మూత పెట్టని పిన్నులు కంటి ఎత్తున ఉంటే ఎంత ప్రమాదమో మీకు చెప్పనక్కరలేదు.

కరెంటు గురించి ఒక ఉదంతం చెప్పాలి, ఎందుకంటే ఇన్సులేషన్ పనిలో మనుషులను చంపేది ఏమిటో అది స్పష్టంగా చూపిస్తుంది. ఆస్ట్రేలియా ప్రభుత్వం 2009లో ఇళ్ల పైకప్పుల్లో ఇన్సులేషన్ వేయించే పెద్ద పథకం మొదలుపెట్టింది. శిక్షణ సరిగా లేని యువకులు ఎంతోమంది ఆ పనిలోకి దిగారు. నలుగురు చనిపోయారు. ముగ్గురు విద్యుదాఘాతంతో, వారిలో ఇద్దరు అల్యూమినియం ఫాయిల్ పరుస్తుండగా. నాలుగో వ్యక్తి పైకప్పు కింది వేడికి వడదెబ్బ తగిలి. 2010 ఫిబ్రవరిలో పథకాన్ని ఆపేశారు, 2014లో రాయల్ కమిషన్ విచారణ నివేదిక వచ్చింది. అది వేడిని ఆపే ఇన్సులేషనే అయినా, చేసే పని, చేసే చోటు మీవాళ్ల పనిలాంటివే. ఫాయిల్ పొర ఉన్న వూల్‌ను స్టేపుల్ కొట్టినా, స్క్రూ దించినా అది గోడలోని తీగను గుచ్చితే ఆ పొర మొత్తం కరెంటు మోస్తుంది. కనుక ఆ భాగానికి సరఫరా ఆపి, స్విచ్చికి తాళం వేసి, టెస్టరుతో చూసిన తరువాతే పని మొదలుపెట్టించండి. సీలింగు పైన ఎండ వేళ వేడి ఎక్కువగా ఉంటుంది. ఆ పనిని చల్లని వేళకు మార్చండి, ఒక్కరినే పైకి పంపకండి, తాగే నీళ్లు చేతికందేలా ఉంచండి.

ఎలక్ట్రీషియన్‌తో కూడా ముందే మాట్లాడాలి. వూల్ కింద పూర్తిగా కప్పబడిన తీగ తన వేడిని బయటికి వదలలేదు, అందువల్ల అది మోయగల కరెంటు తగ్గుతుంది. తీగ మందాన్ని దానికి తగినట్టు లెక్కవేయాలి. సీలింగులో బిగించే దీపాల మీద వూల్ కప్పితే అవి వేడెక్కి నిప్పు పుట్టవచ్చు. దీపం రకాన్ని బట్టి చుట్టూ ఖాళీ వదలాలి, లేదా కప్పడానికి అనువైన దీపాలే తెప్పించాలి. పొగ గుర్తించే పరికరాలకు, నీళ్లు చిమ్మే స్ప్రింక్లరు తలలకు వూల్ గాని పలక గాని అడ్డం రాకూడదు.

జనరేటరు గదికి మీరు వేసే లైనింగు గాలి దారిని మూసివేస్తే, శబ్దం తగ్గడం అటుంచి, పొగ గొట్టం లీకయినప్పుడు కార్బన్ మోనాక్సైడ్ గదిలో, దాని మీది అంతస్తులో చేరుతుంది. శబ్దం బయటకు రాకుండా కిటికీ చట్రాలను మూయడం చాలాచోట్ల చూస్తాం. అది తప్పు. గాలి లోపలికి, బయటకు పోయే దారుల్లో శబ్దాన్ని పీల్చే అటెన్యుయేటర్లు పెట్టించండి, పొగ గొట్టానికి దూరంగా లైనింగు ఆపండి, నూనె ఇంకకుండా పైన రంధ్రాల ఇనుప రేకు, దాని వెనక పల్చని పొర వేయండి. మీ మనుషులు లోపల పనిచేస్తుండగా జనరేటరు నడవకూడదు. కరెంటు పోతే అదంతట అదే స్టార్టయ్యే ఏర్పాటు ఉంటే దాన్ని ముందుగా నిలిపివేయించండి.

నాణ్యతకూ భద్రతకూ సంబంధం లేదనుకునేవారు ఒక లెక్క చూడాలి. ఎంత బలమైన గోడ అయినా దాని వైశాల్యంలో ఒక శాతం ఖాళీ తెరచి ఉంటే ఆ గోడ ఆపగలిగే శబ్దం 20 డెసిబెల్ దగ్గరే ఆగిపోతుంది. పైపులు, తీగలు దాటే చోట సందులు, రెండు వైపులా ఎదురెదురుగా పెట్టిన స్విచ్చి పెట్టెలు, గోడ తలకూ స్లాబుకూ మధ్య వదిలేసిన ఖాళీ ఇలాంటివే. అవి అలాగే మిగిలిపోతే, పని అయిపోయాక గోడలు మళ్లీ కోయాలి, వూల్ మళ్లీ కదిలించాలి, అదే దుమ్ము మళ్లీ పీల్చాలి. వూల్‌ను ఖాళీలో కుక్కి నొక్కేయకుండా దాని మందానికి తగిన ఖాళీలో సరిగ్గా నింపండి. పైకప్పు, కిటికీలు నీరు కారకుండా పూర్తయిన తరువాతే వూల్ తెప్పించండి. తడిసినది ఆరబెట్టి వాడకుండా పారేయండి. మంట ఆపవలసిన గోడల్లో సందులకు మామూలు సీలెంటు కాకుండా అగ్ని నిరోధక సీలెంటు వాడాలి. బోర్డులు మూసే ముందు ఎలక్ట్రీషియన్, ప్లంబరు, వెల్డరు ముగ్గురి పనీ పూర్తయిందని రాతపూర్వకంగా తీసుకోండి. వూల్ వేసిన తరువాత వెల్డింగు తప్పనిసరి అయితే, పక్కన మంట ఆర్పే పరికరంతో ఒక మనిషిని నిలబెట్టి, పని ఆగిన తరువాత కూడా కొంతసేపు అక్కడే ఉంచండి.

యజమానితో మాట్లాడేటప్పుడు దురద విషయం ఎత్తకండి. సీలింగు నమూనా పరీక్ష ఫలితం వచ్చేదాకా కూల్చే పని ఆగుతుందని, జనం కూర్చునే గదికి మండే ఫోమ్ వేస్తే ఆ బాధ్యత లిఖితపూర్వకంగా ఆయనే తీసుకోవాలని చెప్పండి. ఆ మాట రాసి ఇవ్వమంటే చాలామంది వెనక్కి తగ్గుతారు. వెళ్లిపోయిన ఇద్దరినీ పిలిచి, కట్టల పత్రం చదివి వినిపించి, సీలింగు నమూనా పంపిన సంగతి కూడా చెప్పండి. పని ముగిశాక ఏ గోడలో ఏ రకం వూల్ ఎంత మందంలో ఉందో, ఫాయిల్ పొర ఎక్కడ ఉందో, తీగలు ఏ దారిన వెళ్తున్నాయో చూపే చిత్రాన్ని, సరుకుల భద్రతా పత్రాలను, ఆస్బెస్టాస్ పరీక్ష నివేదికను భవనం నిర్వహణ చూసేవారికి అప్పగించండి. కొన్నేళ్ల తరువాత ఏసీ గొట్టం కోసం ఆ సీలింగుకు రంధ్రం వేయబోయే మేస్త్రికి ముందుగా కావలసినవి అవే.